మెదడు ధమని ఇరుకైందన్నారు, ఏ స్కాన్ చేయించాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం మెదడులోని రక్తనాళాలు సన్నబడడం గురించే ఉన్నాయి. స్కాన్ రిపోర్టులు జతచేసి, ఇంత శాతం అంటే ఎంత ప్రమాదమని అడిగినవారే అధికం. దగ్గర పోలిక ఉన్న ప్రశ్నలను ఒకచోట చేర్చి, న్యూరాలజిస్టుగా నాకు తోచిన సమాధానాలు ఇక్కడ ఇస్తున్నాను. రోగిని స్వయంగా పరీక్షించిన వైద్యుడి మాటకూ నా మాటకూ తేడా వస్తే, ఆయన మాటకే విలువ ఇవ్వండి.

ప్రశ్న: మా నాన్నగారి వయసు 58. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, మొన్నమొన్నటి దాకా సిగరెట్లు కాల్చారు. గత నెలలో రెండుసార్లు కుడిచేయి పట్టు తప్పి, మాట తడబడి, పావుగంటలో మళ్లీ మామూలు మనిషయ్యారు. ఎమ్మారై యాంజియోలో ఎడమవైపు ఎంసీఏ (మెదడు మధ్య ధమని) 70 శాతం ఇరుకైందని వచ్చింది. ఒక డాక్టరుగారు తొడ దగ్గర నుంచి గొట్టం పంపి యాంజియోగ్రామ్ చేయాలన్నారు. మరొకరు వెసల్ వాల్ ఎమ్మారై చేయించమన్నారు. ఒక్క ధమనికి ఇన్ని పరీక్షలు ఎందుకు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పరీక్షల సంగతి తర్వాత చెబుతాను. పావుగంటలో తగ్గిపోయినా సరే, చేయి పట్టు తప్పి మాట తడబడడం రాబోయే పక్షవాతానికి హెచ్చరిక. ఆ ముప్పు మొదటి కొద్ది రోజులలో, వారాలలోనే ఎక్కువగా ఉంటుంది. కాబట్టి ఏ స్కాన్ చేయించాలన్నది తేలేదాకా పక్షవాతాన్ని అడ్డుకునే మందులు ఆపి కూర్చోకూడదు. మీ ఉత్తరంలో మందుల ప్రస్తావన ఎక్కడా లేదు. ఇంకా మొదలుపెట్టి ఉండకపోతే ఈ పత్రిక పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. మళ్లీ అలా జరిగితే, పోయినసారి దానంతట అదే తగ్గింది కదా అని ఎదురుచూడకుండా, పక్షవాతానికి అత్యవసర చికిత్స చేసే ఆసుపత్రికి అప్పటికప్పుడు తీసుకువెళ్లండి.

ఇక ఆ 70 శాతం గురించి. మామూలుగా చేసే ఎమ్మారై యాంజియోలో సూది మందు ఏదీ ఎక్కించరు. కదులుతున్న రక్తం తెల్లగా మెరిసేటట్లు యంత్రాన్ని అమర్చి బొమ్మ తీస్తారు. అందులో కనిపించేది ధమనిలో పారే రక్తమే గాని ధమని గోడ కాదు. కాలువలో నీటి పాయ సన్నబడిందని దూరం నుంచి చూసి చెప్పవచ్చు గాని, గట్టు విరిగిపడిందా, పూడిక పేరుకుందా, ఎవరైనా అడ్డు కట్టారా అన్నది గట్టు దగ్గరికి పోయి చూస్తేనే తెలుస్తుంది. పైగా ఇరుకైన చోట రక్తం సుడులు తిరగడం వల్ల, ఇరుకు దాటాక నెమ్మదించడం వల్ల ఆ మెరుపు తగ్గి, ఉన్నదానికంటే ఎక్కువ ఇరుకు ఉన్నట్లు బొమ్మలో కనిపిస్తుంది.

శాతం లెక్క కూడా మనం అనుకున్నంత గట్టిది కాదు. ఇరుకైన చోట మిగిలిన దారి వెడల్పును, దానికి ముందున్న ఆరోగ్యకరమైన భాగం వెడల్పుతో పోల్చి ఈ శాతం కడతారు. ఎంసీఏ ధమని మొదట్లో సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. దారి 0.9 మిల్లీమీటర్లకు తగ్గితే 70 శాతం ఇరుకు అంటారు. ఎమ్మారై యాంజియో బొమ్మలో ఒక్కో చుక్క సైజు దాదాపు అర మిల్లీమీటరు. కొలిచేటప్పుడు ఒక్క చుక్క అటో ఇటో అయితే లెక్కలో సుమారు 17 శాతం తేడా వచ్చేస్తుంది! అంటే మీ నాన్నగారి 70 నిజానికి 55 కావచ్చు, 85 కూడా కావచ్చు. రిపోర్టులో ముద్రించిన అంకెను తూకపురాయిలాగా భావించి కుటుంబం మొత్తం బెంబేలెత్తడం నేను తరచుగా చూస్తుంటాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ విషయాన్ని అమెరికాలో పద్ధతి ప్రకారం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సోనియా అని పిలిచే ఆ అధ్యయనంలో, 50 శాతానికి మించి ఇరుకు ఉందని ఎమ్మారై యాంజియో చెప్పిన ధమనులలో, గొట్టం పంపి చేసే యాంజియోగ్రామ్ దాన్ని నిర్ధారించింది 59 శాతంలోనే. అలాంటి ఇరుకు లేదని ఎమ్మారై చెప్పినప్పుడు మాత్రం ఆ మాట 91 శాతం నిజమైంది. కణత మీద పరికరం ఆనించి చేసే డాప్లర్ పరీక్షకు ఈ అంకెలు 36, 86 చొప్పున వచ్చాయి. ఈ రెండు పరీక్షలూ బాగుందంటే చాలావరకు నమ్మవచ్చు. ఇరుకు ఉందంటే మాత్రం మరొక పద్ధతితో సరిచూసుకోవాలి. మొదటి డాక్టరుగారు మరో పరీక్ష అడగడంలో ఉన్న తర్కం ఇదే.

అయితే సరిచూడడానికి మొట్టమొదటే గొట్టం పంపాల్సిన పని లేదు. చేతి నరంలోకి అయోడిన్ మందు ఎక్కించి కొద్ది సెకన్లలో తీసే సీటీ యాంజియో, ఎమ్మారైలాగా రక్తం వేగం మీద ఆధారపడదు కాబట్టి, ఇరుకును మరింత నికరంగా కొలుస్తుంది. ధమని గోడలో సున్నం పేరుకున్నవారిలో మాత్రం అదీ కాస్త తడబడుతుంది. తొడ నుంచో మణికట్టు నుంచో సన్నని గొట్టం పంపి చేసే యాంజియోగ్రామ్, అంటే డీఎస్ఏ, వీటన్నిటికీ ప్రమాణం. మెదడు ధమనులలోకి మందు పంపి ఎక్స్‌రే తీసే ఈ విద్యను లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ 1927లోనే మొదలుపెట్టాడు. ఇరుకును నేటికీ ఇంత సూక్ష్మంగా కొలవగలిగింది, రక్తం ఏ పక్కదారుల గుండా ఎంత ఆలస్యంగా చేరుతోందో కదిలే బొమ్మగా చూపగలిగింది అదొక్కటే. దానివల్ల పక్షవాతం వచ్చే అవకాశం అనుభవమున్న చోట ఒక శాతం కంటే తక్కువే అయినా సున్నా కాదు. అందుచేత ఫలితాన్ని బట్టి చికిత్స మారుతుందనుకున్నప్పుడే దాన్ని చేయించడం సబబు.

రెండో డాక్టరుగారు చెప్పిన వెసల్ వాల్ ఎమ్మారై అడిగే ప్రశ్నే వేరు. ఎంత ఇరుకు అన్నది కాదు, ఎందుకు ఇరుకు అన్నది దాని పని. సాధారణంగా 3 టెస్లా అయస్కాంత శక్తి గల యంత్రంలో, పారే రక్తం నల్లగానూ గోడ బూడిదరంగులోనూ పడేటట్లు, అర మిల్లీమీటరు స్థాయిలో బొమ్మలు తీస్తారు. ఆపై గ్యాడొలినియం మందు ఎక్కించి మళ్లీ తీసి, గోడ మెరుస్తోందా లేదా చూస్తారు. కొవ్వు పేరుకున్న ధమనిలో గోడ ఒక పక్కకే మందంగా ఉంటుంది. గోడకు వాపు జబ్బు వస్తే చాలావరకు చుట్టూ ఒకే రీతిలో మందమై, గట్టిగా మెరుస్తుంది. గోడ లోపలి పొర చీలి ఉంటే ఆ చీలికో, పొరల మధ్య గడ్డకట్టిన రక్తమో కనిపిస్తుంది. ఒక్కోసారి కొవ్వు లోపలికి కాకుండా బయటికి పెరుగుతుంది. అప్పుడు దారి మామూలుగానే ఉండి, యాంజియో రిపోర్టు శుభ్రంగా వచ్చినా, ఆ గోడలో నుంచి బయలుదేరే వెంట్రుకల్లాంటి కొమ్మల నోళ్లు మూసుకుపోయి పక్షవాతం వస్తుంది. అలాంటివారిలో ఈ పరీక్ష చూపించేది మరే యాంజియో చూపించలేదు.

మీ నాన్నగారి విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 58 ఏళ్ల వయసు, షుగర్, సిగరెట్ మూడూ కలిసిన మనిషిలో ఎంసీఏ ఇరుకైతే దానికి కారణం కొవ్వు పూడికే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. పాశ్చాత్య దేశాలలో మెడలోని ధమనులు ఎక్కువగా ఇరుకైతే, మన ఆసియా వారిలో మెదడు లోపలి ధమనులు ఎక్కువగా ఇరుకవుతాయి. హైదరాబాద్ నిమ్స్‌లో నడిచిన స్ట్రోక్ రిజిస్ట్రీ పరిశీలనలూ ఇదే చూపాయి. కాబట్టి గోడ పరీక్ష చేయించినా తెలిసిందే మరోసారి తెలియవచ్చు, మందులు మాత్రం మారవు. మూత్రపిండాలు బాగుంటే మెడతో సహా ఒక సీటీ యాంజియో, గుండె లయ సరిగా ఉందో లేదో తెలుసుకునే పరీక్షలు చేయించడం ఇప్పటికి చాలు. సరైన మందులు వాడుతున్నా మళ్లీ లక్షణాలు వస్తే, లేదా రెండు మూడు చోట్ల ఇరుకు ఉండి దేనివల్ల జరిగిందో తేలకపోతే, అప్పుడు మిగతా రెండు పరీక్షలకు అర్థం ఉంటుంది.

ప్రశ్న: మా కోడలికి 29 ఏళ్లు. కాన్పయిన తొమ్మిదో రోజున ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది, వారంలో నాలుగుసార్లు అలాగే వచ్చింది. చెవుల్లో దూది పెట్టుకోక గాలి సోకిందని ఇంట్లో పెద్దలు అన్నారు. సీటీ యాంజియోలో మెదడు ధమనులు చాలాచోట్ల నొక్కుకుపోయినట్లు ఉన్నాయి. రక్తనాళాల వాపు జబ్బు కావచ్చని ఒకరు స్టెరాయిడ్ మొదలుపెట్టారు. మరొకరు మూడు నెలలు ఆగితే అదే తగ్గుతుందన్నారు. ఎవరి మాట వినాలి? పాలిచ్చే తల్లికి ఈ మందులు ఎక్కించి స్కాన్ చేయవచ్చా?
– ఒక అత్తగారు, నిజామాబాద్

జవాబు: అమ్మా, గాలి సోకడం కాదు. క్షణాల్లో శిఖరానికి చేరే తలనొప్పి, అదీ వారం రోజులలో పదేపదే రావడం, బాలింత దశ, చాలాచోట్ల ధమనులు నొక్కుకుపోవడం ఈ నాలుగూ కలిస్తే, మెదడు ధమనులు తాత్కాలికంగా బిగుసుకుపోయే ఆర్‌సీవీఎస్ అనే స్థితినే మొదట అనుమానించాలి. పేరుకు తగ్గట్టే ఇది సాధారణంగా 12 వారాలలోపు సర్దుకుంటుంది. కాన్పు తర్వాత మొదటి రెండు వారాలలో ఇది వచ్చే అవకాశం ఎక్కువ. రక్తస్రావం ఆగడానికి ఇచ్చే మిథైల్ ఎర్గోమెట్రిన్, పాలు ఆగడానికి ఇచ్చే బ్రోమోక్రిప్టిన్, ముక్కు దిబ్బడకు దుకాణంలో అడిగి తెచ్చుకునే కొన్ని జలుబు మాత్రలు దీన్ని రేపగలవు. కోడలికి వీటిలో ఏదైనా ఇచ్చారేమో డిశ్చార్జి కాగితాలలో వెతికి, డాక్టరుగారికి చూపించండి. అలాంటి మాత్రలు మళ్లీ వాడకూడదు.

ఇక్కడే గోడ పరీక్ష నిజంగా పనికొస్తుంది. మామూలు యాంజియోలో ఈ జబ్బూ, గోడ వాపు జబ్బూ కవలల్లా ఉంటాయి. వెసల్ వాల్ ఎమ్మారైలో మాత్రం, బిగుసుకున్న ధమని గోడ కాస్త మందంగా ఉన్నా మందు ఎక్కించాక దాదాపు మెరవదు, వాపు జబ్బులో గట్టిగా మెరుస్తుంది. ఈ తేడా వంద శాతం నమ్మదగిందని చెప్పను, కొన్ని కేసులలో బిగుసుకున్న గోడ కూడా కొద్దిగా మెరుస్తుంది. మీ కోడలి విషయంలో మరో చిక్కు ఏమిటంటే, స్టెరాయిడ్ కొన్ని రోజులు పడ్డాక నిజమైన వాపు కూడా మెరుపు తగ్గి కనిపించవచ్చు. అందుకే స్టెరాయిడ్ ఏ తేదీన మొదలైందో స్కాన్ చేసే రేడియాలజిస్టుకు తప్పక చెప్పాలి. వెన్నునీరు పరీక్ష కూడా సాయపడుతుంది. వాపు జబ్బులో అది ఎక్కువగా తేడాగా వస్తుంది, ఆర్‌సీవీఎస్‌లో మామూలుగానో దానికి దగ్గరగానో ఉంటుంది.

స్టెరాయిడ్ వాడిన ఆర్‌సీవీఎస్ రోగుల పరిస్థితి మెరుగుపడకపోగా కొందరిలో దిగజారినట్లు గమనించారు. కనుక ఈ విషయంలో నేను రెండో డాక్టరుగారి వైపే మొగ్గుతాను. అలాగని మీరై మీరు స్టెరాయిడ్ ఆపేయవద్దు, డాక్టరుగారే ఆపాలి. మూడు నెలల తర్వాత తీసే యాంజియోలో ధమనులు మళ్లీ విచ్చుకుని ఉంటే నిర్ధారణ పూర్తవుతుంది. ఈలోపు కాళ్లూచేతులూ చచ్చుబడినా, మూర్ఛ వచ్చినా, చూపు తగ్గినా ఆలస్యం చేయవద్దు.

మీ ఉత్తరంలో నాకు కనిపించని మాట ఒకటి ఉంది. బాలింతల తలనొప్పి అనగానే మన దేశంలో మెదడు సిరలలో రక్తం గడ్డకట్టలేదని ముందుగా నిర్ధారించుకోవాలి. సీటీ యాంజియోలో ధమనులు చూశారు సరే, సిరల స్కాన్ చేశారా అన్నది తప్పకుండా అడగండి. పాల విషయంలో భయం వద్దు. అయోడిన్ మందైనా గ్యాడొలినియం అయినా పాలలోకి వెళ్లేది అతి స్వల్పం, స్కాన్ తర్వాత పాలు పిండి పారబోయాల్సిన అవసరం లేదు.

ప్రశ్న: మా తమ్ముడికి 36 ఏళ్లు, మెదడులో రక్తస్రావమై కోలుకున్నాడు. రెండువైపులా ధమనుల చివరలు ఇరుకయ్యాయని, మోయమోయ వ్యాధి అని చెప్పి, సీటీ, ఎమ్మారై రెండూ అయ్యాక కూడా డీఎస్ఏ, పైన పెర్ఫ్యూజన్ స్కాన్ అంటున్నారు. ఇది అవసరమా, ఖర్చు పెంచడమా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: తెనాలి సోదరి నాన్నగారికి డీఎస్ఏ ఇప్పుడే వద్దన్నాను; మీ తమ్ముడికి మాత్రం చేయించమంటాను. జపాన్‌లో సుజుకి, తకాకు 1969లో వివరించిన ఈ జబ్బులో మెదడుకు రక్తమిచ్చే పెద్ద ధమనుల చివరలు క్రమంగా మూసుకుపోయి, మెదడు అడుగున సన్నని నాళాలు గుబురుగా పుట్టుకొస్తాయి. పెద్దవారిలో ఆ పలుచని నాళాలే చిట్లి రక్తస్రావమవుతుంది. చికిత్స అంటే నెత్తి చర్మానికి రక్తమిచ్చే ధమనిని మెదడు ఉపరితలం మీది ధమనికి కలిపే బైపాస్ ఆపరేషన్. ఆ నెత్తి ధమని ఎంత బలంగా ఉంది, అది ఇప్పటికే మెదడుకు సహజంగా రక్తం పంపుతోందా, గుబురులో ఎక్కడైనా ఉబ్బు ఉందా అన్నది ఒక్కో ధమనిలోకి విడిగా మందు పంపితేనే స్పష్టంగా తెలుస్తుంది. చూడకుండా కోస్తే, మెదడును బతికిస్తున్న పక్కదారినే కత్తిరించే ప్రమాదం ఉంది. పెర్ఫ్యూజన్ స్కాన్ మెదడులో ఏ భాగానికి రక్తం చాలడం లేదో చూపుతుంది. కొన్నిచోట్ల అసిటజోలమైడ్ సూది ఇచ్చి, ధమనులకు ఇంకా విచ్చుకునే శక్తి మిగిలి ఉందో లేదో పరీక్షిస్తారు. రక్తస్రావమైన 80 మంది పెద్దవారితో జపాన్‌లో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, మళ్లీ రక్తస్రావం కావడం బైపాస్ చేసినవారిలో ఏడాదికి 2.7 శాతం, చేయనివారిలో 7.6 శాతం.

ఆపరేషన్‌కు ముందు ఒక్క మాట. రెండువైపులా ఇరుకు కనిపించినంత మాత్రాన అందరిదీ మోయమోయ కాదు. మన దగ్గర క్షయ వల్ల వచ్చే మెదడు పొరల వాపు సరిగ్గా ఆ చోటనే ధమనులను నొక్కుతుంది. ఆదిలాబాద్, పాడేరు వంటి ప్రాంతాల గిరిజనులలో ఉన్న సికిల్ సెల్ జబ్బు కూడా ఇలాంటి బొమ్మనే చూపగలదు. కొందరు పెద్దవారిలో కారణం ఉత్త కొవ్వు పూడికే. గోడ పరీక్షలో మోయమోయ ధమని బయటి చుట్టుకొలతే కుంచించుకుపోయి ఉంటుంది, కొవ్వు పూడికలో గోడ ఒక పక్క బలిసి ఉంటుంది. క్షయ చరిత్ర ఉందా, సికిల్ సెల్ రక్తపరీక్ష అయిందా అని అడగండి.

ప్రశ్న: నాకు 64 ఏళ్లు, ఏ బాధా లేదు. హెల్త్ చెకప్ ప్యాకేజీలో మెదడు ధమని 60 శాతం ఇరుకని వచ్చింది. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి వెంటనే స్టెంట్ వేయించుకోమని పట్టుబడుతున్నాడు.
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, ఈ పరిస్థితిలో స్టెంట్ వద్దు. అబ్బాయికి, ఆయన ఉంటున్న దేశంలోనే జరిగిన సంప్రిస్ అధ్యయనం గురించి చెప్పండి. 2011లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, 70 శాతం పైగా ఇరుకు ఉండి, అప్పటికే పక్షవాతమో దాని హెచ్చరికో వచ్చిన 451 మందిలో, స్టెంట్ వేసినవారికి నెల తిరిగేలోగా పక్షవాతం లేదా మరణం 14.7 శాతం, గట్టిగా మందులు మాత్రమే వాడినవారికి 5.8 శాతం. చైనాలో 2024లో వచ్చిన మరో అధ్యయనంలో స్టెంట్ లేకుండా బెలూన్‌తో మాత్రమే ధమనిని వెడల్పు చేస్తే మేలు కనిపించింది గాని, అదీ లక్షణాలున్నవారిలోనే. మీకు లక్షణాలే లేవు, పైగా ఆ 60 శాతం ఎమ్మారై యాంజియో చెప్పిన అంకె అయితే, పైన చెప్పినట్లు అది అసలు అంత ఇరుకు కాకపోవచ్చు. రక్తపోటు, షుగర్, కొలెస్ట్రాల్ చూసుకోండి. ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్‌ను ఎంతకు దించాలి, ఆస్పిరిన్ మీకు అవసరమా అన్నది మీ డాక్టరుతో కూర్చుని తేల్చుకోండి. బాధలేని మనిషికి ప్యాకేజీలో మెదడు యాంజియో కలపడం నాకు సమ్మతం కాదు. వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది, దొరికాక నిద్ర పట్టదు.

ప్రశ్న: క్రియాటినిన్ 2.1 ఉంది, వయసు 62, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను, గుండెలో స్టెంట్ ఉంది. కాంట్రాస్ట్ మందుతో స్కాన్ చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ వయసుకు ఆ క్రియాటినిన్ అంటే మూత్రపిండాల వడపోత సామర్థ్యం సుమారు 35 ఉంటుంది. 30 కంటే తగ్గినవారిలోనే జాగ్రత్త మరింత అవసరం. సీటీ మందు తప్పనిసరి అయితే ముందుగా ఒంట్లో నీరు తగ్గకుండా చూసి ఇస్తారు. మెట్‌ఫార్మిన్ ఆ రోజు ఆపి, 48 గంటల తర్వాత క్రియాటినిన్ చూసి మళ్లీ మొదలుపెట్టమంటారు. ఈ వడపోతకు మీ మెట్‌ఫార్మిన్ మోతాదు కూడా తగ్గించాల్సి ఉంటుంది, స్కాన్‌తో పని లేకుండానే ఆ మాట అడగండి. మామూలు ఎమ్మారై యాంజియోకు ఏ మందూ అక్కరలేదు. గుండె స్టెంట్‌తో ఎమ్మారై చేయించుకోవచ్చు. పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం దాని కార్డు ముందుగా చూపించాలి.

ప్రశ్న: ఎమ్మారై ముందు మంగళసూత్రం తీయాలంటున్నారు. బంగారం అయస్కాంతానికి అంటుకోదు కదా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: మేలిమి బంగారం అంటుకోదు, నిజమే. కాని గొలుసు కొక్కేలలో, అతుకులలో వేరే లోహాలు ఉంటాయి. పైగా ఆ యంత్రంలో లోహపు గొలుసు వేడెక్కవచ్చు, మెడ దగ్గర బొమ్మను చెడగొడుతుంది కూడా. పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని వెళ్లండి, చాలామంది అలాగే చేస్తారు. మెట్టెలు, తలపిన్నులు, చీర పిన్నీసులు ఇంటి దగ్గరే తీసేయండి. గోడ పరీక్షకు అరగంట నుంచి ముప్పావుగంట కదలకుండా పడుకోవాలి. అర మిల్లీమీటరు చూసే బొమ్మలో గట్టిగా గుటక వేసినా మసక వస్తుంది. చెవులకు అడ్డు పెట్టమని అడగండి. ఇంతకుముందు తీసిన స్కాన్లు ఉంటే ఫిల్ములతో సరిపెట్టక సీడీ కూడా తీసుకువెళ్లండి. ఫిల్ము మీద ఎంపిక చేసిన కొన్ని బొమ్మలే ఉంటాయి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి కొలవాలంటే రేడియాలజిస్టుకు మొత్తం బొమ్మలు కావాలి.